అద్దాల బీరువాలో మందు

మందు కళ్లెదుటే ఉంది. అద్దాల బీరువాలో, తాళం వెనక, వరసగా సీసాలు. వాటిని చూస్తూ చూస్తూనే ఆ పిల్ల చచ్చిపోయింది.

నేను పిల్లల ఆస్పత్రిలో నర్సుని. ఊపిరి అందని జబ్బుతో వచ్చే పిల్లల వార్డు మాది. మిల్లుల్లోనూ బట్టీల దగ్గరా ఒళ్లు హూనం చేసుకునేవాళ్ల పిల్లలే అందరూ. కొత్త మందు పనిచేస్తుందో లేదో వాళ్ల మీదే పరీక్ష చేశారు. మందు మంచిదే, అబద్ధమెందుకు? ఆ పిల్లని మేమంతా పిచ్చుక అని పిలిచేవాళ్లం. మందు ఒంటబట్టాక ముక్కుకున్న గొట్టం తీసేశాం. ఇక వార్డులో పిచ్చుక ఎక్కి దిగని మంచం లేదు. "నర్సమ్మా, నన్ను పట్టుకో చూద్దాం!" అని పరుగెత్తేది. పెద్ద డాక్టరు ఆ పరుగుని వీడియో తీయించి, సభల్లో చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఒకరోజు మందు ఆపేశారు.

"పరీక్ష పూర్తయింది. మిగిలిన సీసాలు కంపెనీవి. బజారులోకి వచ్చాక కొనుక్కోండి" అన్నాడాయన.

పిచ్చుక తల్లి బట్టల మిల్లులో మరమగ్గం నడుపుతుంది. ఆయన కాళ్లకి అడ్డం పడింది.

"అదిగో కనబడుతోంది కద సార్! ఒక్క సీసా ఇవ్వండి."

"రూల్స్ ఒప్పుకోవమ్మా. లే."

"నా బిడ్డ రక్తం తోడినప్పుడు ఏ రూలూ అడ్డం రాలేదే?"

ఆయన కాళ్లు విడిపించుకుని వెళ్లిపోయాడు. పిచ్చుక ముక్కుకి గొట్టం మళ్లీ వచ్చింది. పెదవులు నీలం తిరిగాయి. చివరి ఊపిరి తల్లి ఒళ్లోనే పోయింది.

బిడ్డని మట్టిలో పెట్టి ఆమె ఇంటికి వెళ్లలేదు. తిన్నగా ఆస్పత్రికి వచ్చింది. దుప్పట్లు ఉతికే పెరట్లో తల్లిదండ్రులందరినీ పోగేసింది. కొంగు చాటు నుంచి మిల్లు కత్తెర తీసింది.

"వాడి పీక కోస్తాను. ఎవరూ అడ్డం రావద్దు."

"కొయ్యి" అంది ముసలి ఆయా, తడి దుప్పటి పిండుతూ. "ఆ కుర్చీలో రేపు ఇంకొకడు కూర్చుంటాడు. తాళం తాళంలాగే ఉంటుంది. మిగతా పిల్లలు నీ పిల్ల దారే పడతారు. పగంటే అదేనా తల్లీ?"

లారీ తోలే తండ్రొకడు గొణిగాడు. "పెద్దోళ్లతో మనకెందుకక్కా? మంచాలు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాం?"

"నా మంచం ఖాళీ అయింది కదరా తమ్ముడూ! చేతులు కట్టుకుని ఒదిగి ఉంటే నీది ఉంటుందా?"

నేను నోరు విప్పాను. "రెండో విడత పరీక్ష మొదలుపెట్టాలని కంపెనీ పెద్దలు వస్తున్నారు. వాళ్లకి మన పిల్లల రక్తం కావాలి. అది లేకపోతే వాళ్ల పరిశోధన గుండు సున్నా."

పిచ్చుక తల్లి కత్తెర ఆయా చేతిలో పెట్టేసింది.

కంపెనీ పెద్దలు వచ్చిన పొద్దున ప్రతి తల్లీ బిడ్డ చేతుల్ని కొంగులో చుట్టేసి కూర్చుంది. ఒక్క సూది దిగలేదు. ఆయాలు చీపుళ్లు కింద పడేశారు. ట్రాలీలు కదల్లేదు. కోటు వేసుకున్న అతిథులు గుమ్మంలోనే ఆగిపోయారు.

"అందర్నీ గెంటేయిస్తాను!" పెద్ద డాక్టరు అరిచాడు.

పిచ్చుక తల్లి ఆయన చెయ్యి పట్టుకుంది. మగ్గం నడిపిన చెయ్యి అది, విడిపించుకోవడం ఆయన వల్ల కాలేదు. తీసుకెళ్లి ఖాళీ మంచం మీద కూలేసింది.

"నాతో అన్న మాటే వీళ్లకీ చెప్పు. ఒక్కొక్కరి మొహం చూసి చెప్పు. పరీక్ష పూర్తయింది, మీ బిడ్డ చావొచ్చు అని చెప్పు!"

ఒక తల్లి బిడ్డనెత్తుకుని ఎదురుగా నిలబడింది. "చెప్పండి సార్." ఆమె పక్కకి జరగ్గానే ఇంకో తల్లి. "నాకూ చెప్పండి." చెమటతో ఆయన కళ్లద్దాలు జారిపోతున్నాయి.

"నన్ను చంపుతారా?" అన్నాడు.

"చంపను" అంది పిచ్చుక తల్లి. "చస్తే నీకు ఒక్కసారితో తీరిపోతుంది. నువ్వు బతకాలి. ఎక్కడ సభ పెట్టినా మేమొస్తాం. ఆ పిల్ల ఏమైందని అడుగుతాం. జవాబు చెప్పుకుంటూ బతుకు. తాళం ఇటియ్యి!"

ఇచ్చాడు. బీరువా నేనే తెరిచాను. ఏ బిడ్డకి ఎంత పొయ్యాలో అంతే పోశాను. లారీ తండ్రి నా పక్కన గ్లాసులు పట్టుకుని నడిచాడు.

మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. దొంగతనం, దౌర్జన్యం అంటూ పిచ్చుక తల్లినీ నన్నూ వ్యానెక్కించారు. బీరువాకి మళ్లీ తాళం వెయ్యబోతే తల్లులు బిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని దాని చుట్టూ కూర్చున్నారు. పసిపిల్లల మీద లాఠీ ఎత్తడానికి అతిథుల ముందు ఎవడికీ ధైర్యం చాలలేదు.

నాకు బెయిలు వచ్చింది, ఉద్యోగం పోయింది. ఆమెని వదల్లేదు. నిన్న చూడ్డానికి వెళ్తే ఊచల అవతలి నుంచి మొదటి మాటగా అడిగింది.

"పిల్లలకి ఊపిరాడుతోందా?"

"ఆడుతోందక్కా. కానీ సీసాలు అడుగంటాయి."

"మందు తయారయ్యేది ఎక్కడో తెలుసుగా?"

"తెలుసు. నువ్వు బయటికొచ్చాక..."

"నాకోసం ఆగితే నా బిడ్డని రెండోసారి చంపినట్టే. ముందు మిల్లుకి వెళ్లు. మగ్గాలు ఆపమను. అందరూ కలిసి కంపెనీ గేటు దగ్గరికి పదండి."

ఈ పొద్దున మిల్లులో మగ్గాలు ఆగాయి. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ముందు నడుస్తున్నారు. వైద్య విద్యార్థులు కొందరు కోట్లతోనే వచ్చి వరసలో కలిశారు. కంపెనీ గేటు మూసి ఉంది. మేం తోస్తున్నాం.