ఆవిడ ఇక్కడే ఉంటున్నట్టు

నా ఉద్యోగం నీళ్ళు వదలడం. నవ్వొస్తే నవ్వండి, మొదట్లో నాకూ నవ్వే వచ్చింది. పొద్దున ఏడింటికి స్నానాల గదిలో షవర్ తిప్పి పది నిమిషాలు పక్కన నిలబడతాను. పదకొండింటికి వాషింగ్ మెషీన్‌లో రెండు తువ్వాళ్ళు వేస్తాను. ఆ తువ్వాళ్ళతో ఎవరూ ఒళ్ళు తుడుచుకోలేదు. సాయంత్రం ఆవిడ పేరున్న బస్సు కార్డు పట్టుకుని ఆరు స్టాపులు వెళ్ళి, ఆరు స్టాపులు వెనక్కి వస్తాను. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆవిడ నీళ్ళు, ఆవిడ కరెంటు, ఆవిడ బస్సు.

ఆవిడంటే ఈ ఫ్లాటు సొంతదారు. మేడమ్ అంటాను. ఈ దేశంలో ఇల్లు కొన్న విదేశీయులకు నివాసపు కార్డు ఇస్తారు. కాకపోతే ఏడాదిలో సగం రోజులైనా ఇక్కడ ఉండాలి, లేకపోతే కార్డు రద్దు చేస్తారు. ఇల్లూ కార్డూ మేడమ్ పేరు మీదే ఉన్నాయి. కానీ మన దేశంలో వ్యాపారం వదిలిపెట్టి రావడానికి ఆవిడ భర్త ఒప్పుకోడు. అందుకని మా బావ ఈ ఉపాయం కనిపెట్టాడు. బావంటే మా అక్క మొగుడు, వీసాలూ కార్డులూ ఇప్పించే ఏజెంటు. తెలిసినవాళ్ళందరికీ కాగితాల బావే. మీటరు తిరిగితే మనిషి ఉన్నట్టేనని అతని సిద్ధాంతం.

నేను ఇక్కడికి సందర్శకుల వీసా మీద వచ్చాను. మూడు నెలలకే దాని గడువు తీరిపోయింది. నాలాంటివాళ్ళకు ఇక్కడ ఒకే దారి ఉంది. మూడేళ్ళు ఆగకుండా ఈ దేశంలోనే బతికామని రుజువు చూపిస్తే కార్డు ఇస్తారు. ఆ కార్డు వస్తే నా కూతుర్ని తెచ్చుకోవచ్చు. అయితే దానికి పద్దెనిమిది నిండకముందే తెచ్చుకోవాలి, నిండితే తల్లి కార్డు మీద రానివ్వరు. వాళ్ళ నాన్న పోయినప్పటినుంచి అది హాస్టళ్ళలోనే పెరుగుతోంది. పద్దెనిమిది నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. నాకిక్కడ మూడేళ్ళు పోయిన నెలకే నిండాయి.

మేడమ్ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. ఇంటి సంగతులు కనుక్కోవడానికని మొదలుపెట్టి, కబుర్లలోకి దిగేది. నా కూతురి చదువు గురించి అడిగేది. ఆవిడకు పిల్లల్లేరు. "కళ్ళజోడు కాడ విరిగింది, ఎర్రదారంతో కట్టుకున్నా. ఇది లేకపోతే నాకు ఎదురుగా గుమ్మం కూడా కనపడదు తెలుసా?" అని ఒకసారి నవ్వింది. దేశంకాని దేశంలో ఇల్లు కొన్న మనిషి కళ్ళజోడుకు దారం కట్టుకోవడమేంటని అప్పుడే అనుకోవలసింది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

నాకు మతిమరుపు ఎక్కువ. అందుకే ఏ రోజు ఏం చేశానో వంటగదిలో క్యాలెండర్ మీద రాసుకునేదాన్ని. షవర్, బట్టలు, ఏ నంబరు బస్సు, ఎన్నింటికి. మేడమ్ ఫోన్ చేసిన ఆదివారం తేదీకి సున్నా చుట్టేదాన్ని. అమ్మ పాలవాడు రాని రోజుకు అలాగే చుట్టేది, ఆ అలవాటే నాకూ వచ్చింది.

ఏడు నెలల కిందట ఒక ఆదివారం మేడమ్ గొంతు తగ్గించి మాట్లాడింది.

"వచ్చే నెల నేనే వచ్చేస్తున్నా. ఒక్కదాన్నే. ఇక అక్కడే ఉండిపోతా. నిన్ను పొమ్మనను, భయపడకు. మీ బావకి మాత్రం చెప్పకు."

చెప్పకుండా ఉండుంటే నేను మనిషిననిపించుకునేదాన్ని. కానీ భయం ఊరుకోనివ్వలేదు. ఆవిడొస్తే నాకీ నీడ పోతుంది, నీడ పోతే మూడేళ్ళు నిండవు, నిండకపోతే పిల్ల రాదు. పొమ్మననని ఆవిడ చెప్పినా నమ్మలేదు. మర్నాడే బావ చెవిన వేశాను. "మంచి పని చేశావు మరదలా, నేను చూసుకుంటాలే," అన్నాడు. ఎవరికి ఫోన్ చేసి చూసుకున్నాడో నేను అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. "ఒంట్లో బాగోలేదట, సారు చెప్పారు," అన్నాడు బావ. సారంటే మేడమ్ భర్త. ఇంకో మాట కూడా అన్నాడు. "నీళ్ళు కాస్త ఎక్కువ వదలమన్నారు. బస్సు కూడా రోజుకి రెండుసార్లు."

పోయిన నెల బావ ఒక చిన్న పార్సిల్ తెచ్చాడు. సారు పంపారట. బయటికి వెళ్ళేటప్పుడు పెట్టుకుంటే కార్డు మీది ఫోటోలా కనపడతానట. విప్పి చూస్తే కళ్ళజోడు. కుడివైపు కాడకు ఎర్రదారం కట్టి ఉంది.

గుమ్మం కూడా కనపడని మనిషి కళ్ళజోడు నా దగ్గరుంది. మరి ఆవిడ దేంతో చూస్తోంది?

బావను అడగాలనుకుని అతని మొహం చూశాను. దొంగకు తేలు కుట్టినట్టు నేలచూపులు చూస్తున్నాడు. అతనికీ తెలుసునని అప్పుడే నాకు అర్థమైంది.

మర్నాడు కాగితాల్లేనివాళ్ళకు ఉచితంగా ఫారాలు నింపిపెట్టే ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా మంచిది. నీ పేరు మీద ఏమున్నాయి, కరెంటు బిల్లా, బస్సు కార్డా, డాక్టరు చీటీయా అని ఒక్కొక్కటే అడిగింది. ఉన్నవన్నీ మేడమ్ పేరు మీదే. నా పేరు ఎక్కడా పడకూడదన్నది బావ పెట్టిన మొదటి నియమం.

"ఈ దేశంలో నువ్వు గ్లాసుడు మంచినీళ్ళు తాగినట్టు కూడా లేదే తల్లీ," అంది.

క్యాలెండర్ సంగతి చెబితే గుమాస్తా కళ్ళు మెరిశాయి. చేతిరాత కూడా పనికొస్తుందట. ఆ బస్సులు, ఆ వేళలు బస్సు కార్డు రికార్డుతో సరిపోతే అంతకన్నా రుజువు అక్కర్లేదట.

ఎంత పిచ్చిదాన్నో చూడండి, ఆ సంతోషంలో అది కూడా బావకు చెప్పేశాను. అరగంటలో వచ్చి వాలాడు.

"తగలబెట్టెయ్. నువ్వు ఉన్నావని చెప్తే ఆవిడ లేదని చెప్పినట్టే. తెలుస్తోందా?"

"మరి నా కార్డు?"

"మేడమ్ కార్డే నువ్వు వాడుకో. సారు ఒప్పుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరు. ఇంకేం కావాలి, రాణీలా బతుకు."

"మేడమ్‌కి పిల్లల్లేరు బావా. నా కూతురు ఎవరి కూతురని వస్తుంది?"

"ముందు నీ ప్రాణం సంగతి చూసుకో మరదలా," అన్నాడు. ఎప్పటిలా వేళాకోళంగా అనలేదు. గోడ మీది క్యాలెండర్ అతనే చింపి సంచిలో కుక్కుకున్నాడు. అది నేను రాకముందటి పాతదని, అందులో నా రాతే లేదని చూసుకోలేదు. ఫోన్‌లో అతని గొంతు మారగానే ఈ ఏడుదీ, దాని ముందువీ అల్మరాలో తువ్వాళ్ళ కింద పెట్టి, ఆ పాతది తగిలించాను. మూడోసారైనా నోరు మూసుకోవడం నేర్చుకున్నాను.

ఇవాళ పొద్దున పదింటికి బెల్లు మోగింది. తలుపు తీస్తే ఇద్దరు పోలీసులు, ఒకరు పెద్దాయన, ఇంకొకరు అమ్మాయి. వాళ్ళ వెనక ఎదురింటి ముసలావిడ.

"చెప్పాగా, ఈవిడే. రోజూ చూస్తూనే ఉన్నా, బస్సుకి వెళ్తుంది, వస్తుంది," అంది ముసలావిడ. పాపం, ఆవిడ అబద్ధమేమీ చెప్పలేదు.

పెద్దాయన కాగితాలు తీశాడు. మేడమ్ చెల్లెలు ఫిర్యాదు చేసిందట, అక్క ఏడు నెలలుగా కనపడడం లేదని. ఆమె ఇక్కడే క్షేమంగా ఉంటోందని భర్త రాసిచ్చాడట. నీళ్ళ మీటరు, కరెంటు, బస్సు, అన్నీ చూశారట.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీరే కదా ఆవిడ? ఇక్కడో సంతకం పెట్టండి, మేం వెళ్ళిపోతాం," అన్నాడు.

బల్ల మీద నా ఫోన్ మోగుతోంది. బావ. గుమ్మం పక్క అరలో కళ్ళజోడు ఉంది. సంతకం పెడితే ఇంక నన్ను ఎవరూ కదపరు, మేడమ్‌ను ఎవరూ వెతకరు, నా కూతురికి తల్లి ఉండదు. పెట్టకపోతే దొంగ బతుకు బతికానని నేనే ఒప్పుకున్నట్టు. కార్డు ఇస్తారో, జైల్లో వేస్తారో, మా అక్క సంసారం ఏమవుతుందో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా ఆ ఎర్రదారం మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

లోపలికి వెళ్ళి తువ్వాళ్ళ కింది నుంచి క్యాలెండర్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నిలబడే ఒక్కో పేజీ తిప్పాడు. బస్సు నంబర్ల మీద వేలు పెట్టి తన కాగితాలతో పోల్చుకున్నాడు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

"ఈ సున్నాలేంటి?"

"ఆవిడ నాకు ఫోన్ చేసిన ఆదివారాలు."

ఆయన ఇంకో పేజీ తిప్పాడు. తర్వాత ఇంకోటి. వెనక్కి వచ్చి, చివరి సున్నా దగ్గర వేలు ఆపాడు.

"మరి ఆ తర్వాత?"

"ఆ తర్వాత," అన్నాను, "ఆవిడంటే నేనొక్కదాన్నే."