వంకర గుర్రం

వంకరగా ఉన్న వస్తువు కనిపిస్తే వదిన చెయ్యి ఊరుకోదు. ఆవిడ కుట్టు దుకాణంలో దారపు ఉండలు రంగుల వరసన ఉంటాయి. ఎవరింటికి వెళ్ళినా గోడమీది పటం సరిచేసిగాని కూర్చోదు.

ఈ సంగతి మరిదికి బాగా తెలుసు. ఊరి చదరంగం జట్టులో చోటు కోసం జరిగిన కిందటి పోటీలో తన బంటునొకదాన్ని గడి అంచున పెట్టాడు. ఆవిడ అలవాటుగా సర్దబోయింది. "ముట్టుకున్నావు వదినా, కొట్టాల్సిందే!" అన్నాడు. నియమం అదే: ఎదుటివారి పావును తాకితే, వీలున్నప్పుడు కొట్టి తీరాలి. కొట్టింది, ఓడింది. అతను జట్టులోకి వెళ్ళాడు, ఆవిడ ఇంటికి వచ్చింది.

ఈసారీ జట్టులో ఒక్కటే చోటు. చివరికి మిగిలిందీ వాళ్ళిద్దరే.

తెల్లపావులు అతనివి. ఆవిడ సిసిలియన్ అనే ఎదురుదాడి ఎత్తుగడతో జవాబిచ్చింది.

"అమ్మో, సిసిలియనే! చేతులు కాల్తాయి వదినా."

"పొద్దస్తమానం ఇస్త్రీపెట్టె పట్టే చేతులు. నువ్వాడు."

అతను రాజును ఎడమవైపు కోటలో దాచి, కుడివైపు బంట్లను ఆవిడ రాజు మీదికి ఉరికించాడు. ఇంకో ఎత్తు దొరికితే అతని ఏనుగుకు దారి తెరుచుకుంటుంది. ఆవిడ నల్ల ఏనుగు మాత్రం అతని గుర్రానికి సూటిగా నిలబడి ఉంది. ఆ గుర్రాన్ని అక్కడ దించినప్పుడే అతను దాని మూతి పక్కకు తిప్పి, గడి గీత మీద పెట్టాడు. గుర్రం కోసం అంతకన్నా విలువైన ఏనుగును పోగొట్టుకుంటే ఆవిడ పని అయిపోయినట్టే అని అతని లెక్క.

వదిన చెయ్యి సాగి గుర్రం మీద ఆగింది.

"ముట్టుకున్నావు!" మరిది కుర్చీలోంచి సగం లేచాడు. "కొట్టాల్సిందే!"

"కొడదామనే ముట్టుకున్నాను మరిదిగారూ. కూర్చోండి."

గుర్రాన్ని తీసి పక్కన పెట్టి, ఏనుగును ఆ గడిలో నిలిపింది. అతను నవ్వుతూ బంటుతో ఏనుగును కొట్టాడు. కొట్టాక చూసుకున్నాడు. ఆ బంటు పక్కకు జరగడంతో రాజు ముందున్న బంట్ల గోడ చెదిరిపోయింది. ఆ సందులోంచి ఆవిడ గుర్రం వచ్చింది, వెనకే మంత్రి వచ్చింది. కుడివైపు దాడి వదిలేసి అతను ఇల్లు కాపాడుకోవడానికి పరుగెత్తాడు. అప్పటికే ఆలస్యమైంది.

"సర్దబోయి తాకావనుకున్నా వదినా," అన్నాడు, తన రాజును బల్లమీద పడుకోబెడుతూ.

"సర్దాలనే అనిపించింది. ఆ వంకర మూతి చూస్తూ ఇంతసేపు ఎలా కూర్చున్నానో నాకే తెలుసు."

పడుకున్న రాజును లేపి, గడికి సరిగ్గా నడిమధ్యన నిలబెట్టింది.

"ఆట అయిపోయిందిగా. ఇప్పుడు కొట్టమంటావా?"