నర్సు అడిగిన మాట

ఫోన్ మోగేసరికి మా ఆడపడుచు ఒఫేలియా వదిన చేతులు మణికట్టు దాకా పిండిలో ఉన్నాయి. నేనే ఫోన్ ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నాను. క్లినిక్ వాళ్లు. రెండేళ్ల క్రితం ఆవిడ గర్భాశయ ముఖద్వారం దగ్గర చెడ్డ కణాలు కనబడితే కోసి తీసేశారు. ఈసారి పరీక్షలో ఏమీ లేదట, అంతా శుభ్రంగా ఉందట. వదిన కళ్లు మూసుకుని, పిండి చేత్తోనే శిలువ గుర్తు వేసుకుంది. నుదుటి మీద తెల్లటి మచ్చ మిగిలింది.

నాకు పెళ్లయి నలభై రోజులు. మెక్ఆలెన్ ఊళ్లో మా అత్తవారి ఈ ఇంట్లో నాకు ప్రతిదీ ముద్దొస్తోంది. మా అమ్మ చేతిలో ఎన్నడూ పొంగని తోర్తియా రొట్టె ఇక్కడి పెనం మీద బుగ్గలు పూరించడం, నా కాఫీలో మా ఆయన ఎఫ్రైన్ రెండుసార్లు చక్కెర వేసేసి నాలుక కరుచుకోవడం. ఇక ఇలాంటి కబురు కూడా వస్తే నోరు ఊరుకుంటుందా? ఆ కణాలకు కారణమైన వైరస్ రాకుండా టీకా ఉంది కదా, ఇట్సెల్‌కి వేయించేద్దాం అన్నాను.

ఇట్సెల్ వదిన కూతురు, పన్నెండేళ్లది. మార్చిలో వదిన దాన్ని ఆ టీకాకనే తీసుకెళ్లి, వేయించకుండానే వెనక్కి తెచ్చేసింది. జ్వరం వస్తుందని భయపడిందనుకున్నాం. అసలు సంగతి ఇవాళ బయటపడింది.

"అందరి ముందూ ఆ నర్సు, మీ అమ్మాయి సెన్యోరిటాయేనా అని అడిగింది. పసిపిల్లని పట్టుకుని."

నాకు నవ్వాగలేదు. ఆ మాటకి మా వాళ్లలో రెండు అర్థాలు. పెద్దమనిషైన పిల్ల సెన్యోరిటా. మగవాడి చెయ్యి పడని పిల్లా సెన్యోరిటాయే. నర్సు అడిగింది మొదటిది, వదిన విన్నది రెండోది.

"నెలసరి మొదలైందా అని అడిగింది వదినా, అంతే."

వదిన ఇంకో రెండు ఉండలు చేసింది.

"మరి నేను ఆవిడని అన్న మాటలో?"

"ఏమన్నావు?"

"నీకు చెప్పను. పాదిరీకి చెప్పుకున్నాను."

అయినా వదిన మనసులో ముల్లు పోలేదు. ఆ వైరస్‌ది పడక వల్ల వచ్చే జబ్బు. పిల్లకి ఇప్పుడే సూది వేయిస్తే, వెళ్లి రావే అని గేటు తీసి పంపినట్టు కాదా అని ఈ వీధిలో తల్లులందరూ అనుకునేదే తనూ అనుకుంది. అప్పడాల కర్ర కింద పెట్టింది.

"నా బతుక్కి రామోన్ ఒక్కడే మగాడు. పెళ్లినాటికి నేను సెన్యోరిటానే. అయినా నాకు వచ్చింది. బుద్ధిగా ఉన్నానని నన్ను వదల్లేదు, నా కూతుర్ని వదులుతుందా?"

మొగుడి మీద నింద లేదు ఆ గొంతులో. నాలుగేళ్లు కాలేజీలో చదివిన నేను ఇంత సూటిగా చెప్పలేకపోయేదాన్ని.

ఇట్సెల్‌కి బడివాళ్లు అడిగారని చెప్పి వేయించేద్దామా అన్నాను. వదిన తల అడ్డంగా ఊపింది.

"అబద్ధం చెప్పి గుచ్చించను. నాకెందుకు కోశారో దానికి తెలియాలి. బడి నుంచి రాగానే చెప్తాను. సిగ్గుతో చచ్చిపోతాను, అయినా చెప్తాను."

ఆ తర్వాత చేతులు కడుక్కుంది.

"రేపు శనివారం. క్లినిక్ తొమ్మిదింటికి తెరుస్తారు. ఎనిమిదిన్నరకల్లా బండి తియ్యి. రామోన్‌నీ రమ్మంటాను, సూది వేసేటప్పుడు దాని చెయ్యి తండ్రే పట్టుకోవాలి."