వస్త అన్న మాట

గంగామణి మంచం నేలకు ఆనదు. ఏడాది పర్మిట్ మీద బతికేవాళ్ళ మంచాలు ఆ పరాయి దేశపు ఊళ్ళో ఏవీ ఆనవు. వచ్చిన కొత్తలో బెత్తెడు ఎత్తున ఉండేది. రెన్యూవల్ అయినప్పుడల్లా కాస్త కాస్త లేస్తూ, ఆరో ఏడు వచ్చేసరికి నడుమెత్తుకు చేరింది. ఇప్పుడు స్టూలు వేసుకుని ఎక్కాలి. స్టూలు కూడా గాలిలోనే ఉంటుంది కాబట్టి ముందు దాన్ని తొక్కిపట్టాలి.

మంచం కోడును హీటరు గొట్టానికి పాత చీరతో కట్టి ఉంచుతుంది. పోయిన నెల పై అంతస్తులో ఫిలిప్పీన్స్ నర్సు మంచం కట్టు తెగి కిటికీలోంచి బయటికి పోయింది. ఆ అమ్మాయి దుప్పటి కప్పుకుని దాని మీదే ఉంది. ఇంటి యజమాని కిటికీ మూసి, గది అద్దెకుందని బోర్డు పెట్టాడు.

అప్పటి నుంచి గంగామణికి ఒకటే ధ్యాస, పెద్ద పర్మిట్. అది చేతిలో పడితే ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. మంచం దిగుతుంది, కుర్చీ దిగుతుంది, ఎవరో ఒకరు వచ్చి ఆ కుర్చీలో కూర్చుని టీ తాగుతారు. ఆరేళ్ళలో ఆ గదికి ఒక్క మనిషి రాలేదు. జారిపోయే కుర్చీలో ఎవరు మాత్రం కూర్చుంటారు?

గురువారం పొద్దున, తను పనిచేసే వృద్ధాశ్రమం వంటింట్లో సెలవు అడిగి, పర్మిట్ ఆఫీసుకు వెళుతుంది. కౌంటరు వెనక అధికారి ఆమె ఫైలును ఇస్త్రీ చేస్తున్నాడు. కాగితాలన్నీ బుద్ధిగా చదునవుతున్నాయి. ఒక్క కాగితం ముడత మాత్రం ఎంత రుద్దినా పోవడం లేదు.

"పద్నాలుగో గడి," అంటాడాయన. "ఊరు విడిచేటప్పుడు చివరగా అన్న మాట. మీరు 'వస్త' అని రాశారు."

"అదే అన్న సార్."

ఆయన తన భాషలో మాట్లాడతాడు, ఆమె తన భాషలో జవాబిస్తుంది. ఇద్దరికీ ఇబ్బందేమీ ఉండదు.

"మా నిఘంటువులో ఆ మాటకు రావడం అని అర్థం ఉంది. వెళ్ళే మనిషి వస్తానని ఎలా అంటుంది?"

గంగామణికి నవ్వొస్తుంది, ఆపుకుంటుంది. "మా దిక్కు పోయేటోళ్ళు పోత అనరు సార్. పోయిండు అంటే సచ్చిపోయిండనే. అందుకే పక్కింటికి పోయినా వస్త అనే అంటం."

"అంటే మీరింకా బయలుదేరలేదు," అంటాడు అధికారి, విసుగేమీ లేకుండా. "బయలుదేరనివాళ్ళకు ఇక్కడ స్థిరపడే వీలు లేదు. ఆ వీడ్కోలు పూర్తి చేసి రండి. ఎడమవైపు తలుపు."

తలుపు తీస్తే ఆర్మూర్ బస్టాండు. ఎండ మాడిపోతోంది. హైదరాబాద్ బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ప్లాట్‌ఫారం అంచున ఆమె అక్క నర్సవ్వ, కుడిచెయ్యి పైకెత్తి ఊపుతూ, ఆరేళ్ళ కింద ఎక్కడ నిలబడిందో అక్కడే ఉంది. మోచేతి వంపులో పిచ్చుకలు గూడు కట్టుకుని పిల్లల్ని లేపి వెళ్ళిపోయినట్టున్నాయి, నాలుగు గడ్డిపోచలు మిగిలాయి. నడుముకు బీడీల చాట కట్టుకుని, ఎడమచేత్తోనే ఆకు మడిచి, పొగాకు పోసి, పళ్ళతో దారం బిగిస్తోంది.

"అక్కా, చెయ్యి దించకపోయినవా?"

"ఎట్ల దించుత? వస్త అంటివి. నువ్వు కనవడకుంట అయ్యేదాక ఊపుదామనుకున్న. నువ్వేమో కనవడకుంట కావు, రావు."

"ఫోన్ల ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"చెప్తే ఏం జేస్తుంటివే గంగా?"

టికెట్ కొనుక్కుని వచ్చేదాన్ని అనొచ్చు, కానీ అబద్ధం. సిగ్గుతో ఆమె ముఖం కాలిపోతుంది. అక్క భుజం వైపు చూడలేక చాటలోని బీడీల వైపు చూస్తుంది.

"ఒక్క మాట చాలు," అని వెనక నుంచి అధికారి గుర్తు చేస్తాడు. ఇస్త్రీపెట్టె ఆయన చేతిలోనే ఉంది, వేడి చల్లారకుండా గాలిలో పట్టుకున్నాడు.

మంచం గుర్తొస్తుంది. కిటికీ గుర్తొస్తుంది. ఒక్క మాటే కదా, అని తనకు తాను సర్దిచెప్పుకుంటుంది.

"పోత అక్కా."

కండక్టరు విజిల్ వేస్తాడు. నర్సవ్వ ముఖంలో కోపం లేదు, కొట్టినా బాగుండేదనిపించేటంత నెమ్మది ఉంది. చెయ్యి దించాలని చూస్తుంది. అది దిగదు. చివరికి గాజు తీసినట్టు మణికట్టు దగ్గర రెండుసార్లు తిప్పి, చేతిని ఊడదీసి చెల్లెలికి ఇస్తుంది.

"దీనికి ఊపుడు తప్ప వేరే పని శాతగాదు ఇగ. నువ్వే పెట్టుకో. నాకు ఎడమదే అలవాటైంది."

అని చాట సర్దుకుని, వెనక్కి చూడకుండా పోతుంది. గంగామణి పిలుద్దామనుకునేలోపు బస్టాండు ఉన్నచోట గోడ ఉంటుంది, గోడకు క్యాలెండరు.

కాగితం ముడత పోయింది. అధికారి పద్నాలుగో గడిలోంచి 'వస్త' అన్న మాటను కత్తెరతో నీటుగా కత్తిరించి, అలాంటివే బోలెడు ఉన్న డబ్బాలో వేస్తాడు. "ఇది మా దగ్గరే ఉంటుంది. అభ్యంతరం లేదు కదా?" పర్మిట్ కోసం ఇన్నేళ్ళు పడిగాపులు పడ్డ మనిషి ఒక మాట కోసం పేచీ పెడుతుందా! తలూపుతుంది. ముద్ర పడగానే, ఊరికి ఆ చివర ఎక్కడో ఆమె మంచం నేలకు దిగిన చప్పుడు ఆఫీసు దాకా వినిపిస్తుంది. "శుభాకాంక్షలు," అని అధికారి తరువాతి ఫైలు పరుస్తాడు.

ట్రామ్‌లో అక్క చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. అది వెచ్చగా ఉంది. స్టాపు వచ్చినప్పుడల్లా అదే పైకి లేచి, దిగేవాళ్ళకు ఊగుతుంది. ఎవరూ చూడరు. ఎదుటి సీట్లోని ముసలావిడ మాత్రం తన చెయ్యి కూడా కాస్త ఎత్తుతుంది. ఈ దేశంలో తనకోసం ఎత్తిన మొదటి చెయ్యి అదే అనుకుంటుంది గంగామణి.

తన స్టాపు వస్తుంది. ఆవిడకు చెప్పకుండా దిగడం మర్యాద కాదు. లేచి, నోరు తెరుస్తుంది. రావలసిన మాట నాలుక మీద లేదు. దాని చోట మిగిలిన మాటే వస్తుంది.

"పోత."

అక్క చెయ్యి ఎగిరి ఆమె నోరు మూస్తుంది. చిన్నప్పుడు ఎవరు ఆ మాట అన్నా నర్సవ్వ చేసేది ఇదే. ఇందాక చెయ్యి ఖాళీ లేక ఊరుకుంది.

ఆ చెయ్యి ఇక తొలగదు. తియ్యమని అడగడానికి నోరు లేదు. తునికాకు వాసన, పొగాకు వాసన ముక్కు నిండా వస్తాయి. గంగామణి దిగి, మంచులో ఇంటి వైపు నడుస్తూ ఏడుస్తుంది. ఊపిరి ఆ వేళ్ళ సందుల్లోంచి పొగలా బయటికి వస్తుంది.

ఆ వీధిలో పెద్ద పర్మిట్ వాళ్ళు చాలామంది ఉన్నారు. పని వేళ అయిపోయి ఎదురుగా వస్తున్నారు. ఒకతని నోటి మీద గోరింటాకు పెట్టిన చెయ్యి, ఒకామె నోటి మీద వేలు తెగిన ముసలి చెయ్యి, ఇంకొకరి మీద పెదవులు కూడా సరిగా మూయలేని చంటిపిల్ల చెయ్యి. ఆరేళ్ళుగా వాటిని మఫ్లర్లు అనుకుంటూ వచ్చింది గంగామణి. వాళ్ళు ఆమెను చూసి, కళ్ళతోనే పలకరించి, కాలిబాట మీద చోటిస్తారు.