సుడిపూసలు

ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. పెద్దామె పైవాటాలో, చిన్నామె కింది వాటాలో ఉండేవాళ్ళు. తోటికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, వీళ్ళను చూసినవాళ్ళు ఒక తల్లి పిల్లలే అనుకునేవాళ్ళు. పెద్దామె పూసలు చేసేది. చిన్నామె వాటిని దండలుగా గుచ్చి, నలుగురికీ చూపించి అమ్మేది. పెద్దామెకు కొత్త మనిషి ఎదురైతే నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. చిన్నామె గోడనైనా కబుర్లలో పెట్టగలదు.

అవి పాలిమర్ క్లే పూసలు. పేరుకే మట్టి, నిజానికి మెత్తటి ప్లాస్టిక్ ముద్ద. చేతివేడికి సాగేదాకా పిసికి, రంగురంగుల పుల్లలుగా చేసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి కడ్డీ కట్టాలి. అడ్డంగా కోస్తే ప్రతి బిళ్ళలోనూ ఒకే పువ్వు కనబడుతుంది. ఆ బిళ్ళల్ని ఉండ మీద అద్ది, అతుకులు తెలియకుండా దొర్లించి, సూదితో బెజ్జం చేసి, ఓవెన్‌లో కాల్చాలి. ఇంతవరకూ నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. పెద్దామె పూసల్లో మాత్రం పువ్వు కుదురుగా ఉండేది కాదు. రేకులు నీటిసుడిలో చిక్కుకున్నట్టు మెలితిరిగి లోపలికి దిగిపోతూ ఉండేవి.

ఆ పనితనం ఆమెకు తల్లి మంచం పక్కన అబ్బింది. తల్లి ఆఖరి రోజుల్లో, చేతులు ఊరికే ఉంటే ఏడుపొస్తుందని, పళ్ళెంలో ఒక పూల ఉండ పెట్టుకుని, మందుల డబ్బా మూతతో దాన్ని పైనుంచి మెల్లగా నొక్కి గుండ్రంగా తిప్పుతూ కూర్చుంది. తల్లి ఊపిరి పీల్చినప్పుడు ఒక చుట్టు, వదిలినప్పుడు ఒక చుట్టు. ఊపిరి ఆగిపోయింది. ఆ సంగతి తెలియక ఆమె చెయ్యి ఇంకా తిరుగుతూనే ఉంది. మూత తీసి చూస్తే ఉండ రెండువైపులా సుడి తిరిగి ఉంది.

ఈ మాట ఆమె ఇద్దరికే చెప్పుకుంది. ఒకరు భర్త. రెండో మనిషి చిన్నామె. ఒక మధ్యాహ్నం ఇద్దరూ బేసిన్‌లో నీళ్ళు పోసుకుని, కాలిన పూసల్ని గరుకు కాగితంతో రుద్దుతున్నప్పుడు చెప్పింది. చిన్నామె తడిచేతులతోనే ఆమెను కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తర్వాత నేర్పమంటే, మూత ఎంత బరువుగా ఆనించాలో, పారదర్శకమైన క్లే ఎంత కలిపితే రేకులకు లోతు వస్తుందో, అన్నీ చెయ్యి పట్టుకుని నేర్పింది.

ఆ ఏడు ఊళ్ళో హస్తకళల ప్రదర్శన పెట్టారు. "నువ్వు రాకక్కా, జనం తోసుకుంటారు, నీకు తలనొప్పి పట్టుకుంటుంది. నేను చూసుకుంటాగా," అంది చిన్నామె. వెళ్ళేటప్పుడు తొందరలో నీలం పూసల డబ్బా మెట్ల మీదే మరిచిపోయింది. పాపం, అక్కడ వెతుక్కుంటుందని పెద్దామె డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కింది.

హాలు గుమ్మం దగ్గర చిన్నామె ఫోటో నిలువెత్తున ఉంది. దాని కింద "సుడిపూసల సృష్టికర్త" అని రాసి ఉంది. పెద్దామె రెండుసార్లు చదివింది. లోపలికి వెళ్ళి చివరి వరుసలో కూర్చుంది.

వేదిక మీద చిన్నామె బల్ల ముందు నిలబడి, మూత తిప్పుతూ మైకులో మాట్లాడుతోంది. "మా అమ్మ పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆవిడ ఊపిరితో పాటే నా చెయ్యి తిరిగింది. ఊపిరి ఆగింది. నా చెయ్యి ఆగలేదు." అక్కడ ఆగి కళ్ళు తుడుచుకుంది. పెద్దామె పక్కనున్నావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఎంత బాధపడిందో, పాపం," అంది.

చిన్నామె తల్లి నిక్షేపంగా ఉంది. మొన్ననే వచ్చి, ఫ్యాను గాలి చాలట్లేదని అల్లుణ్ణి సాధించి వెళ్ళింది. అది గుర్తొచ్చి పెద్దామెకు నవ్వు రాబోయింది. రాలేదు. పూసలు పోతే మళ్ళీ చేసుకోవచ్చు. అమ్మ చావును ఎత్తుకెళితే ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. డబ్బాను చిన్నామెకు ఇమ్మని గుమ్మం దగ్గర కాపలామనిషికి ఇచ్చి, తానెవరని అడిగినా చెప్పకుండా వచ్చేసింది.

సాయంత్రం చిన్నామె డబ్బా పట్టుకుని పైకి వచ్చింది. మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"వచ్చావా అక్కా ఇవాళ?"

"వచ్చాను."

"వాళ్ళే ఏదో ఒక కథ కావాలన్నారు. నీకు నలుగురిలో నోరు పెగలదు కదా. నేను చెప్పకపోతే ఆ పూసలు ఈ గదిలోనే పడి ఉండేవి."

"నా పేరు చెప్పి చెప్పొచ్చుగా."

చిన్నామె గాజులు సర్దుకుంది. "మొదటిసారి పొరపాటున అన్నాను. అందరూ ఏడ్చారు. ఇక వెనక్కి తీసుకోలేకపోయాను."

"మొదటిసారా? ఎన్నాళ్ళనుంచి చెబుతున్నావు?"

చిన్నామె గదిలో కూర్చున్న బావగారి వైపు చూసింది. ఆ చూపుతో పెద్దామెకు మిగతాది తెలిసిపోయింది.

చిన్నామె దిగి వెళ్ళాక భర్తను అడిగింది. "మీకు తెలుసా?"

"తమ్ముడు చెప్పాడు," అన్నాడాయన, పేపరు మడుస్తూ. "ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను. అయినా పేరు ఎవరిదైతేనేం, ఇంట్లోదేగా."

"అమ్మ నాది," అంది ఆమె. కంచే చేను మేసిందని ఎవరికి చెప్పుకుంటుంది?

కొన్నాళ్ళకు బజారు వీధిలో గాజులమ్మే ఆమె తన అరుగు మీద చోటిచ్చింది. పెద్దామె అక్కడ సొంతంగా బట్ట పరుచుకుని పూసలు పెట్టుకుంది. మొదటి రోజే ఒక టీచరమ్మ ఆగి, ఒక సుడిపూస చేతిలోకి తీసుకుంది.

"బావుందండీ. ప్రదర్శనలో మాట్లాడిన ఆవిడ దగ్గర నేర్చుకున్నారా?"

పెద్దామె గొంతు సవరించుకుంది. బతుకులో మొదటిసారి కొత్త మనిషికి తన మాట తానే చెప్పబోయింది. "లేదండీ. మా అమ్మ మంచం పక్కన..."

టీచరమ్మ మొహం మారింది. పూసను జాగ్రత్తగా బట్ట మీద పెట్టేసింది. "పూసలు చూసి చేస్తే చేశారు. ఆవిడ బాధ కూడా మీదేనని చెప్పుకోవడం బాగాలేదమ్మా," అని వెళ్ళిపోయింది. గాజులామె విననట్టు గాజులు తుడుచుకుంటూ ఉండిపోయింది.

ఆ రోజుతో పెద్దామె సుడిపూసలు చెయ్యడం మానేసింది. సాదా పూసలే చేసింది, గులకరాళ్ళలాంటివి, మసక రంగులవి. అమ్ముడయ్యేవి అమ్ముడయ్యాయి. భర్తకు కంచం పెట్టేది, బట్టలు మడిచేది, అడిగినదానికి జవాబిచ్చేది. తనంతట తాను ఏదీ చెప్పేది కాదు. ఆమె ఇదివరకు ఎంత మాట్లాడేదో ఆయనకు అప్పుడు తెలిసింది.

ఒక ఉదయం చిన్నామె మెట్లెక్కి వచ్చి తలుపు తట్టింది. ఎక్కడో పూసల పని నేర్పే పెద్ద తరగతికి పిలిచారట. చేసిన పూసలన్నీ ఓవెన్‌లో బీటలిస్తున్నాయి. చేతిలో పగిలిన పూసల పళ్ళెం ఉంది.

"అక్కా, ఒక్కసారి చూసి చెప్పవా. ఎక్కడ తప్పుతోందో తెలియట్లేదు."

పెద్దామె పళ్ళెం వైపు చూడలేదు. వాకిట్లోకి వచ్చిన పరాయి మనిషితో మాట్లాడినట్టు, ఎంతో మర్యాదగా అంది.

"మీరెవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళనే అడగండి."

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో చిన్నామెను ఎవరూ మీరు అనలేదు. పళ్ళెం గుండెకు ఆనించుకుని, మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. ఈసారి ఏడుపు నిజమో కాదో తేల్చుకోవాలని పెద్దామెకు అనిపించలేదు. తలుపు దగ్గరగా వేసి, లోపలికి వెళ్ళి, ఓవెన్ వేడెక్కిందో లేదో చూసుకుంది.