వానంటే ప్రాణమైన గులాబీ

మా ఆయన ఎడ్విన్ గులాబీలు పూయక చచ్చిపోయాడని నేననను. ముప్పై ఏళ్ళు ఉన్ని మిల్లులో నుసి పీల్చి, ఊపిరితిత్తులు పాడై పోయాడు. కానీ చివరి ఆరేళ్ళూ అతన్ని కుళ్ళబొడిచినవి మాత్రం గులాబీలే. వాటి వెనకాల ఉన్నది పక్కింటి రోలండ్ క్రాబ్‌ట్రీ.

మా యార్క్‌షైర్ లోయలో వాన పడని వారం ఉండదు. ఆ తడిలోనే ప్రతి ఆగస్టు మొదటి శనివారం చర్చి హాల్లో పూల పోటీ పెడతారు. ఒక కూజాలో మూడు గులాబీలు పెట్టి, పక్కన చీటీ మీద రకం పేరు రాయాలి. గెలిచినవాళ్ళింట్లో వెండి కప్పు ఏడాదిపాటు ఉంటుంది. అప్పటికి పదకొండేళ్ళుగా అది రోలండ్ కిటికీలోనే ఉంది, అదీ మా వంటింట్లోంచి కనపడే కిటికీలో. గిన్నెలు తోముతూ నేను రోజూ దాని మొహం చూడాల్సి వచ్చేది.

ఒకరోజు కంచె దగ్గర నిలబడి ఎడ్విన్ అడిగాడు. "మన వానలకి ఏ రకం ఆగుతుంది, రోలండ్?"

"లేడీ ఓస్మండ్ వెయ్యి," అన్నాడు రోలండ్, పైపు దులుపుకుంటూ. "వానంటే దానికి ప్రాణం."

ఎడ్విన్ పన్నెండు మొక్కలు తెప్పించాడు. ముందు మడిలో పదకొండు పట్టాయి. పన్నెండోది వెనకాల బట్టలుతికే గది చూరు కింద గుచ్చి వదిలేశాడు.

జూన్‌లో కోడిగుడ్డంత మొగ్గలొచ్చాయి. వాన పడగానే పై రేకులు తడిసిన కాగితంలా అంటుకుపోయాయి. లోపలున్నవి బయటికి రాలేక గోధుమరంగుకి తిరిగి, మొగ్గలోనే కుళ్ళిపోయాయి. మరుసటేడూ అంతే, ఆ తర్వాతా అంతే. దారిన పోయేవాళ్ళు ఆ గోధుమరంగు ఉండలు చూసి, ఆగి మరీ అడిగేవాళ్ళు. "ఏం ఎడ్విన్, ఈసారి ఉల్లిపాయలు వేశావా?"

పేడ వేశాడు, మసి వేశాడు, సబ్బునీళ్ళు చల్లాడు. ఆయాసపడుతూ మోకాళ్ళ మీద కూర్చుని కుళ్ళిన మొగ్గలు ఏరుకునేవాడు. "మొక్క తప్పు కాదు ఫ్రీడా. తెలీకుండా రోలండ్ చెప్తాడా? నా చేతిలోనే ఏదో ఉంది," అనేవాడు. ఆ మాటతోనే మే నెలలో పోయాడు.

అంత్యక్రియలయ్యాక మా ముందుగదిలో అందరికీ టీ, హామ్ శాండ్‌విచ్‌లు పెట్టాం. నేను కెటిల్ తీసుకుని తలుపు దాకా వచ్చేసరికి రోలండ్ గొంతు వినపడింది. హాలిఫాక్స్ నుంచి వచ్చిన తన బావమరిదితో గుసగుసగా నవ్వుతున్నాడు.

"వానచుక్క పడితే చచ్చే రకం అది. సరదాకి చెప్పాను. పిచ్చిమాలోకం, ఆరేళ్ళు నమ్మాడు!"

కెటిల్‌లో నీళ్ళు సలసల కాగుతున్నాయి. వాడి ఒళ్ళో పోద్దామని చెయ్యి లేచింది కూడా. పోస్తే వారం రోజుల్లో మానిపోతుంది. నాకది చాలదనిపించింది. కప్పు నింపి, "చక్కెర ఎన్ని చెంచాలు, రోలండ్?" అని అడిగాను.

జూన్‌లో ఒక పొద్దున బట్టలారేయడానికి వెనక్కి వెళ్ళాను. ఇన్నేళ్ళూ ఎదగక ముడుచుకున్న చూరు కింద మొక్కకి మొదటిసారి పువ్వు విచ్చుకుని ఉంది. సాసరంత పువ్వు, వెన్నరంగు, నడిమధ్య లేత గులాబీ. లెక్కలేనన్ని రేకులు. అక్కడ చినుకు పడదు. ఎడ్విన్ ఇంకో నెల బతికుంటే చూసేవాడు. తడిబట్టల బుట్ట మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఏడుపయ్యాక ఏం చెయ్యాలో తెలిసింది.

నవంబరులో ముందు మడి తవ్వేశాను. రోలండ్ కంచె మీంచి తొంగిచూశాడు. "పారేస్తున్నావా? మంచి పని."

"పారేస్తున్నా."

బాగున్న నాలుగింటిని తీసుకెళ్ళి వెనకాల, కోళ్ళగూటి చాటున నాటాను. మరుసటి ఏడాది కొమ్మకొక్క మొగ్గే ఉంచి మిగతావి గిల్లేశాను. జులై చివర వాన పట్టుకుంది. చీపురు కర్రలకి గొడుగులు కట్టి మొక్కల మీద నిలబెట్టాను. వాటిలో ఎడ్విన్ నల్ల గొడుగొకటి.

పోటీ నాటికి తొమ్మిది రోజులుగా వాన. హాల్లో అందరి పూలూ చీకిపోయి ఉన్నాయి, రోలండ్‌వి కూడా. నా మూడు లేడీ ఓస్మండ్ పూల ముందు పొరుగూరి నుంచి వచ్చిన న్యాయనిర్ణేత టోపీ తీశాడు, వెండి కప్పు నాకే ఇచ్చాడు. చీటీ మీద రకం పేరు రాసి, దాని కింద ముందే ఇంకో వరస చేర్చి పెట్టాను: "రోలండ్ క్రాబ్‌ట్రీ సలహాపై ఎడ్విన్ నాటినది."

పాస్టరుగారి భార్య ఆ చీటీ పైకే చదివింది. "నిజమా రోలండ్? ఈ వానల్లో పూసే రకం ఎడ్విన్‌కి చెప్పింది నువ్వా?"

హాలంతా అతనివైపు తిరిగింది. నేనూ చూశాను, కళ్ళార్పకుండా. కాదంటే చావబోయే మనిషిని ఆటపట్టించానని ఒప్పుకోవాలి. అవునంటే చప్పట్లు. వాడు ఏదంటాడో నాకు తెలుసు.

"నేనే చెప్పా," అన్నాడు రోలండ్, గొంతు సవరించుకుని. "వానంటే దానికి ప్రాణం."

తప్పు మొక్కది కాదు, ఎడ్విన్ చేతిదేననుకుని, ఆ శరదృతువులో మా వీధిలో పద్నాలుగు ఇళ్ళవాళ్ళు లేడీ ఓస్మండ్ తెప్పించుకున్నారు. నేను నోరు విప్పలేదు. తప్పేనా? తప్పే. అయినా విప్పలేదు. ఎడ్విన్ మంచం పక్కన రాత్రులు కూర్చున్న ముసలి డార్కస్ పెల్‌కి మాత్రం, "నీది వాకిట్లో చూరు కింద నాటు, ఎవరితో అనకు," అని చెప్పాను.

జూన్ వచ్చింది, వానా వచ్చింది. పదమూడు మడుల్లోనూ మొగ్గలు కుళ్ళాయి. ఆడవాళ్ళు ఏప్రన్లలో వాటిని నింపుకెళ్ళి రోలండ్ గుమ్మంలో కుమ్మరించారు.

"ఇదేనా నీ ప్రాణం?"

"నీ మాట విని మా అమ్మ నాటిన గులాబీ పీకేశానయ్యా!"

"నువ్వేం నిపుణుడివి? ఎడ్విన్ నయం, ఉల్లిపాయలైనా వేశాడు!"

నేను గిన్నెలు తోముతూ ప్రతి మాటా విన్నాను.

సాయంత్రం రోలండ్ మా గేటు దగ్గరికొచ్చాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు, బట్టతల మీద వాన పడుతోంది.

"ఎలా పూయించావో వాళ్ళకి చెప్పు ఫ్రీడా. ఊళ్ళో నన్ను తలెత్తుకోనివ్వడం లేదు."

"చెప్తాను. ముందు నువ్వు ఎడ్విన్‌కి ఏం చేశావో వాళ్ళందరి ముందూ చెప్పు."

మొహం పాలిపోయింది. గేటు పట్టుకుని అన్నాడు, "అది సరదాకి..."

"ఇదీ సరదాకే," అని ఎడ్విన్ గొడుగు విప్పి, నా పూల మీద పెట్టడానికి వెనక్కి వెళ్ళాను.