ఎడమ చేతి పంతొమ్మిది అడుగులు

మా అమ్మాయి ఫెబీ స్కూల్లో హిస్టరీ ప్రాజెక్టు కోసం ఏదో చదివి నా ప్రాణం మీదికి తెచ్చింది. వందేళ్ల కిందట ఒలింపిక్స్‌లో ఆడవాళ్లను పరుగుపందేలకు రానివ్వకపోతే, 1922లో వాళ్లే పారిస్‌లో అంతర్జాతీయ పోటీలు పెట్టుకున్నారట. అది చదివిన దగ్గర్నుంచి పిల్లకి కాలు నిలవలేదు. ఇక్కడ అమెరికాలో, షామ్‌బర్గ్‌లోని మా తెలుగు చర్చి పిక్నిక్‌కి అవే పోటీలు, అవే రూల్స్‌తో పెడతానని పాస్టరుగారిని ఒప్పించింది.

ఇనప గుండు విసిరే పోటీ దగ్గర వచ్చింది చిక్కు. అప్పట్లో కుడి చేత్తో ఒకసారి, ఎడమ చేత్తో ఒకసారి విసిరి, రెండు దూరాలూ కలిపేవారట.

"ఎడమ చెయ్యి ఎందుకే? కుడి చేత్తోనే కానివ్వు," అన్నాను.

"రూల్ అది మమ్మీ. నేను చేంజ్ చెయ్యను."

నాది పుట్టుకతోనే ఎడమ చేతివాటం. తెనాలిలో చిన్నప్పుడు అన్నం ముందు కూర్చుంటే మా అమ్మ నా ఎడమ చేతికి గుడ్డ చుట్టి కట్టేసేది. అలా మార్చుకున్న చేత్తోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను. మొన్న ఈస్టర్ భోజనాల్లో హడావిడిగా వడ్డిస్తుంటే గరిటె ఎడమ చేతిలోకి వచ్చేసింది. మా సంఘంలో పెద్దావిడ రూతమ్మగారు ప్లేటు వెనక్కి లాక్కుని, "చెయ్యి మార్చమ్మా," అన్నారు. లైన్లో ఉన్నవాళ్లంతా నన్నే చూశారు. ఆ రోజు నుంచి వడ్డన మానేసి చర్చి వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. కళ్లు తుడుచుకున్నా ఎవరూ ఎందుకని అడగరు.

పిక్నిక్ రోజు ఎండ హాయిగా ఉంది. కందిపప్పు ఖాళీ సంచిలో ఎనిమిది పౌన్ల ఇసుక నింపి, టేపు చుట్టి తెచ్చింది ఫెబీ. పారిస్‌లో గుండు బరువూ ఇంచుమించు అంతేనట. మా ఆయన సామ్యూల్ కొలత టేపు పట్టుకున్నారు.

కుడి చేతుల వరకూ అందరూ శూరులే. ఎడమ చేతి దగ్గరికి వచ్చేసరికి ఒకరి సంచి వాళ్ల చెప్పు మీదే పడింది, ఇంకొకరిది వెనక్కి పోయింది. నవ్వలేక అందరికీ కడుపు నొప్పులు. రూతమ్మగారు కొంగు బిగించి కుడి చేత్తో ఇరవై అడుగులు విసిరారు, ఎడమతో ఎనిమిది. మొత్తం ఇరవై ఎనిమిది. ఆవిడే గెలిచినట్టని అందరూ అనుకున్నారు.

చివరికి నా వంతు వచ్చింది. కుడి చేత్తో పన్నెండు. ఇక ఎడమతో కూడా కాళ్ల దగ్గరే పడేసి, అందరితో పాటు నవ్వేసి వచ్చేద్దామనుకున్నాను. అలాగైతే నా సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. కానీ సంచి ఎడమ అరచేతిలో ఎంత హాయిగా కుదురుకుందో! నాకు ఒళ్లు మండింది. నా చేతిని నేనెందుకు దాచాలి? భుజం దగ్గర్నుంచి ఒక్క తోపు తోశాను.

సామ్యూల్ టేపు పట్టుకుని పోతూనే ఉన్నారు. "నైన్టీన్," అన్నారు.

"థర్టీ వన్ టోటల్. మమ్మీ ఫస్ట్," అంది ఫెబీ.

రూతమ్మగారు నా దగ్గరికి వచ్చారు. "నీది ఎడమ చేతివాటమా?"

"అవునండీ, పుట్టినప్పటి నుంచీ," అన్నాను, అందరికీ వినబడేలా. అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

ఆవిడ బిగించిన కొంగు వదులు చేసుకుంటూ వెళ్లిపోయారు.

భోజనాల వేళ ఎవరూ పిలవకుండానే వెళ్లి పప్పు గిన్నె దగ్గర నిలబడ్డాను. లైన్లో రూతమ్మగారు రాగానే, అలవాటుకొద్దీ గరిటె కుడి చేతికి మార్చుకున్నాను.

"ఆ చేత్తో కాదు. ఇందాక నన్ను ఓడించావే, ఆ చేత్తో వెయ్యి," అన్నారావిడ.

కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉల్లిపాయలు లేకుండానే. ఎడమ చేత్తో రెండు గరిటెలు వేశాను. ఆవిడ ప్లేటు కదల్లేదు.